మహబూబ్‌నగర్ మీదుగా గోవా రైలు: స్లీపరా, ఏసీయా, కూర్చునే సీటా?

జడ్చర్లలో ఎక్కి అమ్మానాన్నలతో, 8 ఏళ్ల పాపతో మొత్తం 5 మంది రైల్లో గోవా వెళ్తున్నామన్నారు, దూద్‌సాగర్ జలపాతం కిటికీలోంచి చూడడమే మాకు ముఖ్యం అన్నారు. స్లీపర్ తీసుకోవాలా, థర్డ్ ఏసీ తీసుకోవాలా, లేక ఎక్కడైనా దిగి కూర్చునే సీట్లున్న పగటి బండి ఎక్కాలా అన్నది మీ ప్రశ్న. మాది మహబూబ్‌నగర్. ఇదే బండిలో అమ్మను, నాయినను తీసుకుని 2 సార్లు వెళ్లొచ్చాను, మొదటిసారి బుకింగ్‌లో పొరపాటు చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు జవాబు: పోయేటప్పుడు థర్డ్ ఏసీ, వచ్చేటప్పుడు స్లీపర్. రానూపోనూ ఒకే క్లాసు తీసుకోవద్దు.

ఎందుకంటే క్లాసు కంటే ముందు చూసుకోవాల్సింది బండి ఘాట్‌లోకి, అంటే కొండ దారిలోకి, ఏ వేళకు వస్తుందన్నది. సికింద్రాబాద్–వాస్కో డ గామా ఎక్స్‌ప్రెస్ 2024 అక్టోబర్‌లో మొదలైంది, వారానికి 2 రోజులే. బుధ, శుక్రవారాల్లో పొద్దున సికింద్రాబాద్‌లో బయలుదేరి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, గుంతకల్లు, బళ్లారి, హోసపేట, హుబ్బళ్లి మీదుగా మర్నాడు తెల్లవారుజామున గోవాలోని వాస్కో చేరుతుంది. అసలు అందమంతా కర్ణాటక సరిహద్దులోని క్యాసిల్‌రాక్ నుంచి గోవాలోని కూలెం దాకా ఉన్న 26 కిలోమీటర్ల ఘాట్‌లోనే ఉంటుంది, దూద్‌సాగర్ కూడా అందులోనే. పోయేటప్పుడు ఆ ముక్క మొత్తం చీకట్లో దాటిపోతుంది. అదే గురు, శనివారాల్లో వాస్కోలో పొద్దున 9 ప్రాంతంలో బయలుదేరే తిరుగు బండి పట్టపగలే ఆ ఘాట్ ఎక్కుతుంది. టైమింగ్స్ అప్పుడప్పుడు మారుస్తుంటారు, బుక్ చేసే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి, కానీ లెక్క మాత్రం ఇదే పెట్టుకోండి: వెలుతురు ఎటువైపు ప్రయాణంలో ఉందో కిటికీ అటువైపు ప్రయాణంలో కావాలి.

మేం మొదటిసారి 2025 ఆగస్టులో వెళ్లాం. పెద్దవాళ్లు ఉన్నారు కదా, ఏసీ అయితే టెన్షన్ ఉండదు అనుకుని రెండు వైపులా థర్డ్ ఏసీ చేశాను. మహబూబ్‌నగర్‌లో మధ్యాహ్నం ఎక్కాం. వనపర్తి రోడ్ దాటాక, గద్వాల రాకముందే కృష్ణ వస్తుంది, మీటర్ గేజ్ బండ్ల కాలం నుంచి నాయినకు అక్కడ నదిలో రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకునే అలవాటు. దేవరకద్ర దాటినప్పటి నుంచే చిల్లర చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఏసీ కోచ్ అద్దం తెరుచుకోదన్న సంగతి వంతెన మీదికి వచ్చాక గానీ ఆయనకు తట్టలేదు. అద్దానికి వేళ్లు ఆనించి చూసి, నది దాటిపోయాక ఆ బిళ్లను మళ్లీ చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

రాత్రి క్యాసిల్‌రాక్‌లో బండి ఆగితే లేచి కూర్చున్నాను. అద్దంలో నా ముఖం, పైన నీలం బల్బు తప్ప ఏమీ కనబడలేదు. సరే, తిరుగు ప్రయాణం పగలే కదా అనుకున్నాను. ఆ శనివారం మా కోచ్ అద్దం రెండు పొరల మధ్య ఆవిరి పట్టి పాలు పోసినట్టుంది, బయట నుంచి వాన చారలు. కూలెంలో వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజన్లు తగిలించడానికి బండి ఆగింది (అక్కడ చడావు ప్రతి 37 అడుగులకు 1 అడుగు ఎత్తు, ముందున్న ఇంజన్ ఒక్కటే లాగలేదు). ఆ ఆగిన టైంలో నాయిన లేచి కోచ్‌లు దాటుకుంటూ స్లీపర్‌లోకి వెళ్లాడు, అక్కడ బళ్లారి వాళ్లెవరో జరిగి కిటికీ దగ్గర చోటిచ్చారట. కాసేపటికి నేనూ వెళ్లాను. జలపాతం ముందున్న వంతెన మీదికి బండి రాగానే చప్పుడుతో పాటు తుంపర లోపలికి కొట్టింది, నాయిన కళ్లద్దాలు తడిసిపోయాయి, ఆయన తుడుచుకోకుండా అలాగే చూస్తున్నాడు. 310 మీటర్ల ఎత్తు నుంచి నాలుగు మెట్లుగా పడే నీళ్లు అవి, ఫొటోల్లో తెల్లటి గీతలా ఉంటాయి గానీ దగ్గరికి వస్తే ముందు చెవులకు తెలుస్తుంది. అమ్మ మాత్రం రాలేకపోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కదిలే బండిలో కోచ్‌కి కోచ్‌కి మధ్య ఊగే రేకుల మీద నడవడం ఆమెతో కాదు. తిరిగొచ్చి చెబితే "పోనీలే, మీరు చూసిండ్రు గదా" అంది. నేను ఇంత రాస్తున్నది ఆ మాట కోసమే. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఏసీ సుఖం అని మనం అనుకుని వాళ్ల కిటికీ మూసేయొద్దు.

రెండోసారి అక్టోబర్‌లో వెళ్లాం, వచ్చేటప్పుడు స్లీపర్.

ఇక మీ టికెట్ల సంగతి. ఏ కోచ్‌లోనైనా 8 బెర్తుల గదిలో 1, 4 లోయర్లు, 2, 5 మిడిళ్లు, 3, 6 అప్పర్లు, 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్ (స్లీపర్‌కీ థర్డ్ ఏసీకీ ఇదే వరస). 1, 4 పక్కన ఒక వైపు కిటికీలు, 7 పక్కన అవతలి వైపు కిటికీలు. జలపాతం కుడివైపా ఎడమవైపా అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు, కానీ ఘాట్‌లో పట్టాలు మెలికలు తిరుగుతూనే ఉంటాయి, లోయ ఒకసారి ఇటు కనిపిస్తే ఇంకోసారి అటు. మీరు 5 మంది కాబట్టి ఒకే గదిలో 2 లోయర్లు, సైడ్ లోయర్ దొరికితే రెండు వైపులా కిటికీ మీదే. నంబర్ మనం ఎంచుకోలేం, లోయర్, సైడ్ లోయర్ అని ప్రిఫరెన్స్ మాత్రమే ఇవ్వగలం, అందుకే తొందరగా చేయాలి. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పొద్దున 8 గంటలకు. ఆ రోజు 8కి ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఒకే టికెట్ మీద 5 మందికీ పక్కపక్కనే వస్తాయి, కోచ్ మధ్యలో, అంటే 33, 36, 39 అలా వచ్చిందంటే బాత్రూమ్‌ల వాసన కూడా ఉండదు.

సీనియర్ సిటిజన్ కోటా గురించి ఒక మాట. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్తుల కోటా ఉంది, కానీ ఒక టికెట్ మీద ఇద్దరికి మించి ఉండకూడదు. అంటే అమ్మానాన్నలకు వేరే టికెట్ చేయాలి, లోయర్లు వస్తాయి గానీ మీరు ఒక చోట, వాళ్లు ఒక చోట పడే ప్రమాదం ఉంది. పోయేటప్పుడు పడుకోవడమే ముఖ్యం, అప్పుడు ఆ కోటా వాడుకోండి. వచ్చేటప్పుడు వద్దు, అందరూ ఒకే టికెట్ మీద రండి. పాపకు కూడా బెర్త్ తీసుకోండి, 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు బెర్త్ లేకుండా సగం టికెట్ ఉంది గానీ బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, అయినా పగలూ రాత్రీ కలిపి అంత ప్రయాణంలో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కష్టం.

స్లీపర్ కష్టాలు దాచను. హుబ్బళ్లి చుట్టుపక్కల పగటిపూట రిజర్వేషన్ లేనివాళ్లు ఎక్కి అంచున కూర్చుంటారు, "కొంచెం జరగండి" అనిపించుకోవాల్సి వస్తుంది. దుమ్ము ఉంటుంది. ఘాట్ దాటాక ధార్వాడ్ వైపు ఎండ ఉంటే మధ్యాహ్నం ఉక్కపోస్తుంది. మార్చి నుంచి మే దాకా అయితే పెద్దవాళ్లతో స్లీపర్ నేనే వద్దంటాను, అప్పుడు జలపాతంలో నీళ్లూ ఉండవు. మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే వేయాలి, పగలంతా లోయర్ మీద అందరూ కూర్చోవాల్సిందే, అది కిటికీ కోసం వెళ్లేవాళ్లకు మంచిదే. సైడ్ లోయర్ పగలు రాజా లాంటి సీటు, ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవచ్చు, రాత్రి మాత్రం మధ్యలో అతుకు నడుముకు తగులుతుంది కాబట్టి పెద్దవాళ్లను మామూలు లోయర్లలో పడుకోబెట్టి మీరు అక్కడ పడుకోండి. తిండి కిటికీ గట్టు మీద పెట్టొద్దు, ఘాట్‌లో కోతులు చాలా ఎక్కువ. మేం జొన్న రొట్టెలు, పల్లీల పొడి, పెరుగన్నం కట్టుకెళ్లాం, ఘాట్ దాటి లోండా స్టేషన్ వచ్చేదాకా డబ్బాలు తీయలేదు. దూద్‌సాగర్ దగ్గర బండి ఆగినా దిగొద్దు, పట్టాల మీద నడవడం నిషేధం, పట్టుకుని కేసు రాస్తారు. పాపను తలుపు దగ్గరికి పంపొద్దు.

కూర్చునే సీట్ల బండి మీకు ఈ దారిలో అక్కర్లేదు. మొత్తం ప్రయాణం పగలే అయిపోయే చోట సీటు మంచిది, ఉదాహరణకు బెంగళూరు యశ్వంత్‌పూర్ నుంచి మంగళూరు వెళ్లే పగటి బండి, 2021 నుంచి దానికి పెద్ద అద్దాల విస్టాడోమ్ కోచ్‌లు కూడా ఉన్నాయి, సకలేశ్‌పూర్ ఘాట్ అద్భుతంగా ఉంటుంది. విశాఖ–అరకు కూడా అంతే. కానీ అవన్నీ ఒక రాత్రి ప్రయాణం చేసి వెళ్లి ఎక్కాల్సినవి, పెద్దవాళ్లతో ఒక రైలు దిగి ఇంకో రైలు అందుకోవడం కంటే ఇంటి స్టేషన్లో ఎక్కి ఇంటి స్టేషన్లో దిగడం మేలు.

నెల ఏదంటారా, జూలై, ఆగస్టుల్లో నీళ్లు నిండుగా ఉంటాయి గానీ మంచు కమ్మితే పక్కనున్న చెట్టు కూడా కనబడదు, కొండచరియలు పడితే బండ్లు రద్దు చేస్తారు లేదా దారి మళ్లిస్తారు, 2024 ఆగస్టులో ఆ ఘాట్‌లోనే గూడ్స్ పట్టాలు తప్పి చాలా బండ్లు ఆగిపోయాయి. నా ఓటు సెప్టెంబర్ చివర, అక్టోబర్. బుధవారం వెళ్తే గురువారం పొద్దున్నే గోవాలో ఉంటారు, 2 రాత్రులు ఉండి శనివారం బండి ఎక్కితే ఆదివారం తెల్లవారకముందే జడ్చర్ల.

ఆ చివరి రాత్రికి అలారం జడ్చర్ల టైంకి కాదు, గద్వాల టైంకి పెట్టుకోండి. మేం రెండోసారి అలాగే పెట్టుకున్నాం. అమ్మ గాజులకు ఘాట్‌లో తగిలిన తుంపర గురించి హుబ్బళ్లి దాకా చెబుతూనే వచ్చి అప్పటికి గాఢనిద్రలో ఉంది. గద్వాల దాటగానే నాయిన షట్టర్ పైకెత్తి, వంతెన ఇనుప కమ్మీలు గడగడలాడుతుంటే, చీకట్లోకి చెయ్యి చాపి ఆ రూపాయి బిళ్ల కృష్ణలో వేశాడు.