ఫ్యాన్లు తిరుగుతున్నా తెరపై ఏమీ రాకపోతే

కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా తెర నల్లగానే ఉందన్నారు. దయచేసి ఏ భాగాన్నీ అప్పుడే వాపసు పంపకండి. మీరు కొన్న రైజెన్ 5 5600 ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం, అంటే తెరపై బొమ్మను తయారుచేసే భాగం, ఉండదు. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డుకు) పెట్టి ఉంటే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు; గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి.

అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి, ప్రాసెసర్ దగ్గరుండే 8 పిన్నుల పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. చాలామంది మరచిపోయేది అదే. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి అనుమానమే రాదు.

తర్వాత ర్యామ్, అంటే పొడవాటి పట్టీల్లా (స్టిక్‌లు) ఉండే మెమరీ. నాలుగు స్లాట్లుంటే ఒక్క స్టిక్‌నే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో టక్కుమనే దాకా నొక్కండి. విరుగుతుందేమోనన్న భయంతో సగమే దిగేలా వదిలేస్తుంటారు. ఇన్ని చేసినా రాకపోతే, బోర్డుపై చిన్న దీపం ఏ భాగం పేరు పక్కన వెలుగుతోందో రాయండి.