ర్యాంక్ లిస్ట్‌లో ఏది పైన పెట్టాలి మేడమ్?

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఉస్మానియాలో ఎంబీబీఎస్ చేశా, అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ అయిపోయింది, జనరల్ సర్జరీ రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ ట్రైనింగ్‌కి, అమెరికాలో ఇంటర్వ్యూలు ఇచ్చి మొన్ననే ఇంటికొచ్చా. ఇప్పుడు సీట్లు కేటాయించే మ్యాచ్‌కి ప్రోగ్రామ్‌లని ఇష్టమైన వరసలో పెట్టి ర్యాంక్ లిస్ట్ ఇవ్వాలి. ఒకటి చాలా పెద్ద పేరున్న యూనివర్సిటీ హాస్పిటల్, కానీ ప్రిలిమినరీ సీటు. రెండోది చిన్న ఊళ్లో కమ్యూనిటీ హాస్పిటల్, కేటగారికల్. మూడోది కూడా కేటగారికలే, సిటీలో ఉంది, కానీ అక్కడి రెసిడెంట్లు మాతో సరిగా మాట్లాడలేదు. నాన్న పెద్ద పేరున్నదే ఫస్ట్ పెట్టమంటున్నారు. నాకేమో అన్నీ కలిసిపోయి ఎక్కడ ఏం చూశానో కూడా గుర్తు రావట్లేదు, ఏం చెయ్యమంటారు?
- ఒక డాక్టర్, మలక్‌పేట

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి సంగతి. మన దగ్గర నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు చూసి ఆప్షన్ పెట్టేస్తాం, సీటొస్తే మూడేళ్లకి ఎంఎస్ చేతికొస్తుంది, ఆయన ఆ లెక్కలోనే చెప్తున్నారు, పెద్దవాళ్లకి అలా అనిపించడం సహజమే. అక్కడ కేటగారికల్ అంటే ఐదేళ్ల సీటు, ప్రిలిమినరీ అంటే ఒక్క ఏడాది, రెండో ఏడాదికి సీటు ఇస్తామని ఎవరూ రాసివ్వరు, ఇంటర్న్‌గా నైట్ డ్యూటీలు చేస్తూనే మళ్లీ సీటు వెతుక్కోవాలి. అందుకే ఎంత పెద్ద పేరైనా సరే ప్రిలిమినరీని కేటగారికల్స్ కిందే పెట్టు, ఇందులో నాకు రెండో మాట లేదు.

గుర్తు రావట్లేదు అన్నావు కదా, వాళ్ల వెబ్‌సైట్లు, బ్రోషర్లు ఇప్పుడే తెరవకు. ఇంటర్వ్యూ రోజు రాత్రి అమ్మకో ఫ్రెండ్‌కో పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి, అవి వెతికి విను, అప్పటికప్పుడు అన్న మాటల్లోనే అసలు సంగతి ఉంటుంది, వెంటనే ఒక్కోదానికి ఒక్కో పేజీ రాసుకో.

ఇక అసలు చూడాల్సింది ఒక్కటే, అక్కడ థర్డ్ ఇయర్ రెసిడెంట్ చేతికి ఏం వస్తోంది. మన భాషలో చెప్పాలంటే కటింగ్ ఎవరికి ఇస్తున్నారు. సర్జన్‌గా సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు పరీక్షకి కూర్చోవాలంటే ఐదేళ్లలో కనీసం 850 కేసులు, అందులో చీఫ్ ఇయర్‌లో, అంటే చివరి ఏడాదిలో, 200 ఉండాలి, ఆ నంబర్ ఏ ప్రోగ్రామ్ అయినా చూపిస్తుంది కాబట్టి దాన్ని చూసి మురిసిపోకు. ఒక థర్డ్ ఇయర్‌కి మెయిల్ పెట్టి “ఈ వారం ఏ కేసులు చేశారు, అందులో మీరు స్వయంగా చేసింది ఎంత?” అని అడుగు. ఒక చోట సెకండ్ ఇయర్ వాళ్లే గాల్ బ్లాడర్ లాపరోస్కోపీలో క్లిప్పులు వేసి కట్ చేస్తుంటే అటెండింగ్, అంటే సీనియర్ సర్జన్, పక్కన నిలబడి సాయం చేస్తుంటారు, ఇంకో చోట ఫోర్త్ ఇయర్ వచ్చినా కెమెరా పట్టుకునే ఉంటారు ఎందుకంటే మంచి కేసులన్నీ ఫెలోలకి, అంటే రెసిడెన్సీ అయ్యాక సూపర్ స్పెషాలిటీ నేర్చుకునేవాళ్లకి, పోతాయి. పేరున్న హాస్పిటల్‌లో ఫెలోలు ఎక్కువగా ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న అక్కడ తప్పకుండా అడగాలి.

2003 నుంచి వారానికి 80 గంటలు, నాలుగు వారాల సగటు మీద, అనే రూల్ ఉంది. కానీ “80 దాటుతుందా” అని అడిగితే ఎవరైనా లేదనే అంటారమ్మా. “పోయిన ఆదివారం ఏం చేశారు” అని అడుగు, తెలిసిపోతుంది.

మూడో ప్రోగ్రామ్ గురించే నాకు బెంగ. రెసిడెంట్లు మాట్లాడకపోవడం అంటే ఆ రోజు నైట్ కాల్ చేసి అలిసిపోయి ఉండొచ్చు, లేదా నిజం చెప్తే ఏమవుతుందో అన్న భయం కావచ్చు. ఇద్దరికి విడివిడిగా రాసి, ఈ మధ్య ఎవరైనా మధ్యలో మానేశారా, ఎక్కడికి వెళ్లారు అని అడుగు. సర్జరీలో మానేసేవాళ్లు అన్ని చోట్లా ఉంటారు, అనస్థీషియాకి మారారు, ఇంటి దగ్గరికి వెళ్లారు అని మామూలుగా చెప్తే ఇబ్బంది లేదు. మాట దాటేస్తే మాత్రం జాగ్రత్త. ప్రోగ్రామ్‌లవారీగా బోర్డు పాస్ పర్సెంటేజ్ అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ సైట్‌లో ఉంటుంది, గుర్తింపు మామూలుగా ఉందా వార్నింగ్‌లో ఉందా అనేది రెసిడెన్సీలకి గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ సైట్‌లో ఉంటుంది, ఆ రెండూ చూడు. వీసా కూడా అడిగి రాసుకో, జే-1 మాత్రమేనా హెచ్-1బీ కూడా ఇస్తారా అని, హెచ్-1బీకి యూఎస్‌ఎంఎల్‌ఈ చివరి పరీక్ష స్టెప్ 3 కూడా అయ్యుండాలి.

లిస్ట్ పెట్టేటప్పుడు “నన్ను వాళ్లు తీసుకోరేమో” అని లెక్కలెయ్యకు. మ్యాచ్‌లో 1998 నుంచి వాడుతున్న పద్ధతి ఎకనామిస్ట్ ఆల్విన్ రోత్ వాళ్లు తయారుచేసింది, అది అభ్యర్థి లిస్ట్ నుంచే మొదలవుతుంది, నీకు ఇష్టమైన వరసలో పెడితే నీకు నష్టం లేదు. ఎవరో “మీరు మాకు బాగా నచ్చారు” అని మెయిల్ పెట్టారని వరస మార్చకు. మ్యాచ్ అయితే వెళ్లి తీరాల్సిందే కాబట్టి మూడోదాని జవాబులు మనసుకి నచ్చకపోతే దాన్ని లిస్ట్‌లోంచే తీసెయ్. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇప్పటికైతే చిన్న ఊళ్లోదే పైన పెడతాను.

సర్టిఫై బటన్ నొక్కితేనే లిస్ట్ లెక్కలోకొస్తుంది. ఈ మధ్య డెడ్‌లైన్ అక్కడ ఈస్టర్న్ టైమ్ రాత్రి 9కి ఉంటోంది, అంటే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున 7:30. నువ్వు అంతకు రెండ్రోజుల ముందే నొక్కెయ్.