అత్తగారిని ఆరు వారాలు కేర్ సెంటర్‌లో ఉంచితే వదిలేసినట్టవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అత్తగారికి 78 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. నాలుగేళ్లుగా మతిమరుపు, ఇప్పుడు మనుషుల్ని కూడా గుర్తుపట్టడం లేదు. డాక్టర్ డిమెన్షియా అని రాశారు. స్నానం, డైపర్లు, రాత్రిళ్లు లేచి పక్కకు తిప్పడం అన్నీ నేనే. ఇప్పుడు నాకు గర్భసంచి ఆపరేషన్ చేయాలి, ఆరు వారాలు బరువులెత్తకూడదన్నారు. ఆ ఆరు వారాలూ ఆవిడను విజయవాడలో ఒక కేర్ సెంటర్‌లో ఉంచుదామని 10 వేలు అడ్వాన్సు చేతికిచ్చాం, రసీదు ఇవ్వలేదు. ఫారం మీద నేనే సంతకం పెట్టాను, ఎన్నాళ్లు అన్న గడి ఖాళీగా వదిలేశాను. మా మరిది, ఆడపడుచు ‘అమ్మను హాస్టల్లో పడేస్తే కేసు పెడతాం, మూడేళ్ల కిందట అన్నయ్య పేరున రాయించుకున్న ఇల్లు కూడా రద్దు చేయిస్తాం’ అంటున్నారు. ‘ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను’ అని అత్తగారి వేలిముద్ర తీసుకోమని, పెన్షన్ కోసం జీపీఏ (ఆవిడ తరఫున వ్యవహారాలు నడిపే అధికారపత్రం) రాయించుకోమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఇంత చేసిన నాకు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకునే హక్కు లేదా?

జవాబు: అమ్మా, చేసిన సేవ గురించి వివరంగా రాశారు. దస్తావేజు గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు, నకలు కూడా పంపలేదు. మీ మరిది కన్ను ఉన్నది దాని మీదే. ముందు పోలీసు కేసు సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

వాళ్లు బెదిరిస్తున్నది 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 24వ సెక్షన్‌తో. వృద్ధుల ఆలనాపాలనా చూస్తున్నవారు ఎవరైనా సరే, వారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘నేను కోడల్ని కదా’ అంటే కుదరదు, మీకూ వర్తిస్తుంది. అయితే ఆ సెక్షన్ మొత్తం ‘పూర్తిగా వదిలించుకునే ఉద్దేశం’ అన్న మాట మీదే నిలబడి ఉంది. తిరిగి తెచ్చుకునే తేదీ ముందే పెట్టుకుని, డబ్బు కట్టి, మందులు అప్పజెప్పి, మధ్యమధ్య వెళ్లి చూసి వచ్చేవారి మీద ఆ నేరం నిలవదు.

మీరు చేయబోయేదాన్ని రెస్పైట్ కేర్ అంటారు. చూసుకునే మనిషికి వైద్యమో విశ్రాంతో అవసరమైనప్పుడు కొన్నాళ్లు ఆ బాధ్యత ఇంకొకరికి అప్పగించడం. ఇంటికి అటెండెంట్‌ను పెట్టుకున్నా, పగలు డే కేర్‌కు పంపినా, ఇలా కొన్ని వారాలు సెంటర్‌లో ఉంచినా అదే. దీనికంటూ మనకు విడిగా చట్టం లేదు. అందువల్ల ‘నాకు విశ్రాంతి హక్కు లేదా’ అన్న ప్రశ్న ఏ మేజిస్ట్రేటు ముందూ రాదు. ‘ఎప్పుడు తీసుకెళ్తామని రాశారు?’ అన్న ప్రశ్న వస్తుంది. మీరు ఖాళీగా వదిలేసిన గడి సరిగ్గా అదే! ఆరు వారాలు అని మీ మనసులో ఉంటే సరిపోదు. తేదీ లేని ఫారం, రసీదు లేని డబ్బు, కొడుకు సంతకం లేని అడ్మిషన్... అవతలి లాయరుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఫారం వెనక్కి తీసుకుని మీవారి పేరున కొత్తది రాయించండి. చేర్చే తేదీ, తీసుకెళ్లే తేదీ, కారణం మీ ఆపరేషన్ అని అందులో ఉండాలి. మీ సర్జన్ ఇచ్చిన కాగితం జత చేయండి. ఇక నుంచి డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి, ఇచ్చిన 10 వేలకు రసీదు అడిగి తీసుకోండి. మీవారు తన తమ్ముడికి, చెల్లెలికి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అమ్మ అక్కడ ఉంటుంది, ఈలోగా మీలో ఎవరైనా తీసుకెళ్లి చూసుకుంటామంటే పంపిస్తాం. కోపం చూపించకుండా, దెప్పకుండా రాయాలి. వాళ్లు జవాబివ్వకపోయినా ఆ మౌనం మీకు సాక్ష్యమే. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరిపేయకండి. రేపు కోర్టులో వేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి.

ఇప్పుడు ఇల్లు. అదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగోగులు చూడాలన్న షరతుతో వృద్ధులు ఆస్తి రాసిచ్చాక చూడకపోతే, వాళ్లు కోరితే ఆ దస్తావేజు చెల్లదని ఈ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలంటూ విడిగా రాసుకున్న హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మీ దస్తావేజులో ఏముందో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని చదవండి. షరతు ఉన్నా కంగారు పడనక్కర్లేదు. మీకు చేతకాని రోజుల్లో డబ్బు కట్టి మనిషిని పెట్టడం షరతును నిలబెట్టుకోవడమే అవుతుంది.

నన్ను భయపెట్టింది ఇంకోటి. మతిమరుపు నాలుగేళ్లుగా అన్నారు, దస్తావేజు మూడేళ్ల కిందటిది అన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే, రాసిచ్చేనాటికే ఆవిడకు మతిస్థిమితం లేదన్న వాదన పుడుతుంది. దస్తావేజు రద్దు దావాకు గడువు, విషయం తెలిసిన రోజు నుంచి మూడేళ్లే కదా అని ధీమాగా ఉండకండి. గడువు మొదలయ్యేనాటికే మతిస్థిమితం లేనివారి విషయంలో లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ ఆ గడువును ఆపుతుంది. వస్తువులు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వేరు, చేసే పని అర్థం కాకపోవడం వేరు. ఈ తేడా చూపించేది ఆనాటి ప్రిస్క్రిప్షన్లే. డిమెన్షియా అని మొదట రాసిన చీటీ తేదీ వెతకండి. దస్తావేజు మీద సాక్షి సంతకాలు ఎవరివో చూసుకోండి. ఏ చీటీ దొరికినా, మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, చించవద్దు. అంతవరకు ‘నాలుగేళ్లుగా’ అని ఎక్కడా అలవోకగా రాయకండి.

ఆ వేలిముద్ర జోలికి మాత్రం వెళ్లకండి. డిమెన్షియా అని డాక్టర్ రాసిన కాగితం ఇంట్లో పెట్టుకుని, మనుషుల్ని గుర్తుపట్టలేని మనిషి బొటనవేలికి సిరా రాస్తారా? మతిస్థిమితం లేక ఏం రాశారో తెలియదని ఎరిగి కూడా వంచనతో సంతకమో వేలిముద్రో వేయిస్తే, అది భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్ ప్రకారం తప్పుడు పత్రం సృష్టించడం. మీ మరిది చేతిలో ఈరోజు ఏ కేసూ లేదు. ఆ కాగితంతో మీరే ఇచ్చినట్టవుతుంది. పైగా మూడేళ్ల నాటి దస్తావేజు కూడా ఇలాగే రాయించుకున్నారని అనిపించుకుంటారు. జీపీఏ అయితే వట్టి దండగ. మంచి రోజుల్లో రాసిచ్చిన జీపీఏ కూడా, రాసినవారికి మతిస్థిమితం పోతే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ కింద రద్దవుతుంది. ఆవిడ ఖాతా నడపాలంటే ఇలాంటి స్థితిలో గార్డియన్‌గా నియమించమని అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయడమే సరైన దారి. ఈ ఆరు వారాల ఖర్చు మీవారి ఖాతా నుంచే కట్టండి.

మిగతా ఇద్దరి నుంచి ఖర్చు రాబట్టడానికి ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ ఉంది. మీ పేరున వేయకండి, ఆ చట్టంలో ‘పిల్లలు’ అంటే కోడలు రాదు. మీవారు దరఖాస్తు ఇచ్చి, తల్లి ఎవరికీ అధికారం ఇచ్చే స్థితిలో లేదు కాబట్టి ట్రిబ్యునలే సొంతంగా విచారణకు తీసుకోవాలని కోరాలి. చట్టంలో గరిష్ఠ పరిమితి నెలకు 10 వేలు. ఆర్డరు వచ్చాక వాళ్లు ఎగ్గొడితే, బాకీ పడ్డ మూడు నెలల్లోపు వసూలుకు పిటిషన్ వేయాలి, లేదంటే వారంటు రాదు. గడిచిన నాలుగేళ్ల ఖర్చు మీద ఆశ పెట్టుకోవద్దు.

సెంటర్‌లో దింపే రోజు ఆవిడ నడుము, మడమలు, తుంటి దగ్గర చర్మం నర్సు ముందే చూసి ఫొటోలు తీయండి. ఎర్రబడి ఉన్నా, పుండు ఉన్నా ఫారంలో రాయించండి. మందుల జాబితా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఫారం కింద ‘యాజమాన్యానికి ఎలాంటి బాధ్యతా లేదు’ అన్న లైను ఉంటే కొట్టివేయమనండి. వాళ్లు ఒప్పుకోకపోయినా, నిర్లక్ష్యం వల్ల ఆవిడ పడిపోయినా పుండ్లు పడినా ఆ లైను వాళ్లను కాపాడుతుందని అనుకోనక్కర్లేదు. రెండేళ్లలోపు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, విజయవాడ తిరగనక్కర్లేదు.

ఆపరేషన్ వాయిదా వేయకండి. మీరు మంచాన పడితే ఆవిడను చూసే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. డాక్టర్ ఇంకో రెండు వారాలు ఆగమంటే, ఫారంలో రాసిన తేదీ దాటకముందే కొత్త తేదీ వేయించి, అదే మెసేజ్ ఆ ఇద్దరికీ మళ్లీ పంపించండి.