ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచికి వెళ్లకండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మా అమ్మాయి ఫ్రాన్సులో, తూలూజ్‌లో ఉంటోంది. అల్లుడిది అక్కడే విమానాల కంపెనీలో ఉద్యోగం. అమ్మాయి పురిటికని వెళ్తున్నాను. ఫోన్‌లో చూసుకుంటూ ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఈ వాక్యాలు సరిగ్గా ఉన్నాయా? నా వయసు 54: జ స్వీ సాఁకాఁత్ కాత్ర్ ఆఁ. నాకు చలిగా ఉంది: జ స్వీ ఫ్రువా. పక్కింటి పెద్దావిడతో, ఎలా ఉన్నారండీ: కొమాఁ వ త్యూ, మదామ్? ఈమె నా స్నేహితురాలు: సె మ అమీ. రొట్టెల షాపులో, నాకో బగెత్ (పొడుగాటి రొట్టె) కావాలి: జ వె అఁ బగెత్. మా అమ్మాయి తూలూజ్‌లో ఉంటుంది: మ ఫీయ్ అబీత్ అ తూలూజ్.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. నాది యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలన కాబట్టి మా తాతగారు బళ్లో ఫ్రెంచి చదువుకున్నారు. తెలుగులోంచి నేరుగా ఫ్రెంచిలోకి వెళ్లిన మనిషి ఆయన. నేను 22 ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫ్రెంచి చెప్పాను. వాళ్లంతా ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాళ్లు. మీ మొదటి రెండు తప్పులూ ఆ దారిలో వచ్చినవే.

‘జ స్వీ’ అంటే ఇంగ్లీషులో ‘ఐ యామ్’. కానీ వయసు, చలి, ఆకలి, దాహం ఫ్రెంచిలో మనిషికి ‘ఉండేవి’. మనమూ ‘నాకు ఆకలిగా ఉంది’ అంటాం, ‘నేను ఆకలిని’ అనం కదా! అందుకని ‘నాకు ఉంది’ అనే ‘జే’ వాడండి. జే సాఁకాఁత్ కాత్ర్ ఆఁ. జే ఫ్రువా. ఆకలేస్తే జే ఫాఁ, దాహమేస్తే జే సువాఫ్. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ‘స్వీ’తో చెబితే చలి సంగతి పోయి, ‘నేను ఆప్యాయత లేని మనిషిని’ అన్న అర్థం వస్తుంది. పసిబిడ్డ కోసం అంత దూరం వెళ్తున్న మీ నోట ఆ మాట రాకూడదు.

‘త్యూ’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. పెద్దావిడను ‘కొమాఁ తలే వూ, మదామ్?’ అని అడగండి. ఈ మర్యాద మనకు కొత్త కాదు.

‘నా’ అనడానికి స్త్రీలింగానికి ‘మ’, పుంలింగానికి ‘మొఁ’. స్నేహితురాలు స్త్రీలింగమే, కాబట్టి ‘మ’ అనడం సహజం. కానీ తర్వాత అచ్చు వస్తే ‘మ’ పోయి ‘మొఁ’ వస్తుంది, రెండూ కలిసి ‘సె మొనామీ’ అని పలుకుతాయి. రెండు అచ్చులు ఢీకొనకుండా మన వ్యాకరణంలో మా అమ్మ ‘మాయమ్మ’ అయినట్టే అనుకోండి.

‘ఒక’ అనడానికి పుంలింగానికి ‘అఁ’, స్త్రీలింగానికి ‘యూన్’. బగెత్ స్త్రీలింగం, అందుకే ‘యూన్ బగెత్’. క్రువాసాఁ పుంలింగం, ‘అఁ క్రువాసాఁ’. ఇక్కడ తెలుగు మనకు సాయం రాదు, మన రొట్టెకు ఆడా మగా లేవు. ప్రతి మాటనూ ముందున్న అఁ, యూన్‌తో కలిపే బట్టీపట్టండి. ‘జ వె’ కూడా మార్చాలి. వ్యాకరణం తప్పు కాదు గానీ షాపులో కటువుగా వినిపిస్తుంది. ముందు ‘బొఁజూర్’ అని పలకరించి, ‘జ వూద్రే యూన్ బగెత్, సిల్ వూ ప్లే’ అనండి. బొఁజూర్ అనకుండా అడిగితే అక్కడ అమర్యాదగా తీసుకుంటారు.

చివరి వాక్యంలో ఒక్క తప్పూ లేదు. మా క్లాసు పిల్లలు ‘ఈజ్ లివింగ్’ తలుచుకుని ‘అబీత్’ ముందు ‘ఈజ్’కి బదులుగా ఒక ‘ఎ’ తగిలించేవాళ్లు. మీరు తగిలించలేదు. ‘మా అమ్మాయి తూలూజ్‌లో ఉంటుంది’ అని తెలుగులోనే అనుకుని రాసి ఉంటారు.