ఏటేటా వేషం మార్చే ఫ్లూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నిరుడు ఫ్లూ టీకా వేయించుకున్నాను. ఈ ఏడాది మళ్లీ వేయించుకోమంటున్నారు. చిన్నతనంలో వేసిన తట్టు టీకా ఇన్నేళ్లూ కాపాడుతుంటే, ఇది ఏడాదికే ఎందుకు చాలకుండా పోతోంది? పైగా అప్పట్లో టీకా వేయించుకున్న మర్నాడే ఒళ్లు వెచ్చబడింది. చేజేతులా ఫ్లూ తెచ్చుకున్నట్టు కాదా?

జవాబు: ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పైపొర మీద ముళ్లలా పొడుచుకువచ్చిన రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. హీమాగ్లుటినిన్ అనేది మన శ్వాసనాళంలోని కణానికి అతుక్కొని లోపలికి దారి చేసుకోవడానికి వైరస్‌కు పనికొస్తుంది. ఆ కణంలో తయారైన కొత్త వైరస్‌లు బయటికి వచ్చేటప్పుడు కణపు పొరకే అంటుకుపోకుండా ఆ పట్టును కత్తిరించి వదిలిపెట్టేది న్యూరమినిడేజ్. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అంటూ వార్తల్లో వినిపించే పేర్లలోని హెచ్, ఎన్ అక్షరాలు ఈ రెండింటివే. ఫ్లూ వచ్చి తగ్గాక గానీ, టీకా వేయించుకున్నాక గానీ మన శరీరం గుర్తుపెట్టుకునేది ప్రధానంగా హీమాగ్లుటినిన్ కొన ఎలా ఉందన్నదే.

చిక్కంతా అక్కడే ఉంది. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దానికి నకళ్లు తీసే ఎంజైముకు తాను రాసినదాన్ని మళ్లీ సరిచూసుకునే గుణం లేదు కనుక ఎత్తిరాతలో తప్పులు దొర్లుతూనే ఉంటాయి. వాటిలో చాలా మటుకు వైరస్‌కే చేటు చేస్తాయి గానీ, ఎప్పుడో ఒక తప్పు ఆ ముల్లు కొనను కాస్త మార్చి, నిరుటి యాంటీబాడీల పట్టు జారిపోయేలా చేస్తుంది. తట్టు వైరస్‌దీ ఆర్‌ఎన్‌ఏనే, దాని నకళ్లలోనూ తప్పులు పడతాయి. అయితే దాని పైపొర ప్రోటీన్లు మారితే కణంలోకి దూరే పనే దెబ్బతింటుంది కాబట్టి మారిన రకాలు నిలదొక్కుకోలేవు. దీనికి తోడు, ఫ్లూ టీకా ఇచ్చే రక్షణ కూడా కొన్ని నెలల్లో పలచబడుతుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, రాబోయే సీజను టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. టీకాలో ఎక్కువ భాగం ఇప్పటికీ కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేసేదే కనుక నెలల ముందుగానే నిర్ణయం తీసుకోక తప్పదు. ఈలోగా వైరస్ మారితే అంచనా గురి తప్పుతుంది. గురి బాగా కుదిరిన ఏడాదిలో కూడా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే ముప్పు 40 నుంచి 60 శాతం మేర తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఈ అంకె చూసి పెదవి విరిచేవారున్నారు. టీకా వేయించుకున్నవారిలో ఫ్లూ వచ్చినా ఆసుపత్రి దాకా వెళ్లడం తక్కువన్నది వారు లెక్కలోకి తీసుకోవడం లేదని నా అభిప్రాయం.

ఇక మీ జ్వరం సంగతి. సూదిమందుగా ఇచ్చే ఫ్లూ టీకాలో ఉండేది చంపేసిన వైరస్ లేదా దాని ముక్కలే కాబట్టి దానివల్ల ఫ్లూ రావడం అసాధ్యం. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఉండటం మామూలే. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆలోగా అసలు ఫ్లూయే సోకితే నింద మాత్రం టీకా మీద పడుతుంది.

ప్రశ్న: మావారికి ఉన్నట్టుండి 103 డిగ్రీల జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వచ్చాయి. ఇంట్లో మిగిలి ఉన్న యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకున్నా తగ్గలేదు. ఇంతకన్నా గట్టి మందు వేయాలా?

జవాబు: మందు గట్టిదా కాదా అన్నది కాదు, అసలు అది ఈ జబ్బు మందే కాదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్‌ను తాకనైనా తాకదు. మీరు రాసిన లక్షణాలు ఫ్లూనే సూచిస్తున్నాయి. మామూలు జలుబు ముక్కు కారడంతో మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ వచ్చినవారు చాలామంది ఏ పూట పడకేశారో కూడా చెప్పగలుగుతారు. అయితే ఇతర వైరస్‌లూ ఇలాగే కనిపించగలవు కనుక, ఖాయంగా తెలియాలంటే ముక్కులోంచి నమూనా తీసి పరీక్షించాలి.

ఫ్లూకు విడిగా మందులున్నాయి. ఒసెల్టమివిర్ పైన చెప్పిన న్యూరమినిడేజ్ కత్తెరను బిగించేస్తుంది. కొత్త వైరస్‌లు పుట్టిన కణానికే అతుక్కుపోయి పక్క కణాల మీదికి వెళ్లలేవు. ఇప్పటికే వ్యాపించినదాన్ని అది చేయగలిగింది తక్కువ గనుక, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు బాగా కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బు చేసినవారికి, గర్భిణులకు, వృద్ధులకు, ఉబ్బసం, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారికి గడువు దాటినా ఇస్తారు. మిగిలినవారిలో చాలామందికి విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, పారాసిటమాల్ సరిపోతాయి. జ్వరం వారంలోపు తగ్గినా దగ్గు, నీరసం మరో వారం రెండు వారాలు పీడిస్తాయి. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదం దానితో ముడిపడి ఉంది.

మూడు రోజులు గడిచాయి కనుక ఆయన్ను డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, మతి తడబడటం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయవద్దు. జ్వరం తగ్గి, లేచి తిరుగుతున్న మనిషికి మళ్లీ జ్వరం తిరగబెట్టి దగ్గు ముదిరితే, వైరస్ గాయపరిచిన ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి న్యుమోనియా అయిందేమో చూడాలి. యాంటీబయాటిక్ అవసరమయ్యేది అప్పుడు.

ప్రశ్న: నాకు ఫ్లూ అని తేలింది. మూడు నెలల పాపకు పాలివ్వవచ్చా?

జవాబు: నిస్సందేహంగా ఇవ్వవచ్చు. ఫ్లూ పాల ద్వారా సోకదు. దగ్గు, తుమ్ము, మాటలతో వెలువడే తుంపరల వల్ల, అవి పడిన చేతుల వల్ల సోకుతుంది. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని మాస్కు పెట్టుకోండి, మిగతా వేళల్లో పాపను మరొకరికి అప్పగించండి. లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, మొదలయ్యాక అయిదు నుంచి ఏడు రోజుల వరకు రోగి నుంచి ఇతరులకు అంటుకుంటుంది. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వేయరు. గర్భంతో ఉండగా తల్లి వేయించుకుంటే ఆమె యాంటీబాడీలే బిడ్డకు చేరి తొలి నెలల్లో కాస్తాయి.

ప్రశ్న: పక్షుల ఫ్లూ మనుషులకు పాకితే 1918 నాటి పరిస్థితి వస్తుందా?

జవాబు: 1918లో వచ్చిన హెచ్1ఎన్1 సుమారు 5 కోట్ల మందిని బలిగొన్నదని అంచనా. ఆ తర్వాత 1957, 1968, 2009లలోనూ ప్రపంచవ్యాప్త ఫ్లూలు వచ్చాయి. ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది; రెండు రకాలు ఒకే కణంలో చేరితే, రెండు పేకకట్టలు కలిపి పంచినట్టు ఆ ముక్కలు కలిసిపోయి మనకు బొత్తిగా పరిచయంలేని రకం పుట్టవచ్చు. 1957, 1968 వైరస్‌లలో పక్షుల నుంచి వచ్చిన ముక్కలు ఉన్నాయి. 2009 నాటిది పందుల నుంచి వచ్చింది.

హెచ్5ఎన్1 పక్షుల ఫ్లూకు ఒక అడ్డంకి ఉంది. పక్షుల పేగుల్లోని కణాల మీద దానికి దొరికే పట్టు, మన ముక్కు, గొంతు కణాల మీద అంత సులువుగా దొరకదు. అందువల్ల జబ్బుపడిన పక్షులతో, పశువులతో మసిలేవారికి అప్పుడప్పుడు సోకుతున్నా, మనిషి నుంచి మనిషికి తేలికగా పాకడం లేదు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు కూడా సోకినప్పటి నుంచి శాస్త్రవేత్తలు దాన్ని మరింత నిశితంగా గమనిస్తున్నారు. చచ్చిపడిన పక్షులను వట్టి చేతులతో ముట్టుకోకండి, పచ్చిపాలు తాగకండి. బాగా ఉడికిన మాంసం, గుడ్లు మానవలసిన పని లేదు.