టెక్ సందేహాలు: ఫార్మాట్ కొట్టినా మళ్లీ ఎలా వచ్చింది?

ప్రశ్న: గురువుగారూ, పర్లాకిమిడిలో మాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. తెలుగు శుభలేఖలు, ఒడియా అర్జీలు రెండూ కొడతాం. పాతపట్నం వైపు నుంచి కూడా గిరాకీ వస్తుంది. మొన్నామధ్య కొత్త కంప్యూటర్ తీసుకుని, టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే కొనకుండానే నడిపించే దొంగ తాళం, నెట్‌లో దొరికితే వేసుకున్నాం. అది బాగానే పనిచేస్తోంది. కానీ విండోస్ సెక్యూరిటీలో స్విచ్ బూడిద రంగులోకి పోయి, ‘ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ అధీనంలో ఉంది’ అంటోంది. షాపుకి అడ్మినిస్ట్రేటర్ని నేనే కదండీ! యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోవు, మిగతావన్నీ వస్తాయి. పెన్‌డ్రైవ్ ఇచ్చినవాళ్లు ‘మా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి’ అని తగువుకొస్తున్నారు. సర్వీసు కుర్రాడు రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఏం చేయమంటారు?

జవాబు: మీ కంప్యూటర్‌లో మీకు తెలియని అడ్మినిస్ట్రేటర్ ఇంకొకడు చేరాడండీ. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది బ్యాక్‌డోర్, అంటే బయటివాడికి మీ కంప్యూటర్‌లోకి దొడ్డిదారి తెరిచిపెట్టే ప్రోగ్రామ్, పనే అనిపిస్తోంది. షార్ట్‌కట్ల గోల దానితోపాటు దిగిన చుట్టం అయ్యుండాలి. ఒకసారి దారి దొరికితే ఒక్కటే వచ్చి ఊరుకోదు.

ముందు అది లోపలికెలా వచ్చిందో చూద్దాం. మీరు దించుకున్న జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉండే ఉంటుంది. పక్కనే ఉన్న నోట్‌ప్యాడ్ ఫైల్లో ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని కూడా రాసుంటుంది. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో స్కానర్ చూడలేదు, అందుకే ఆ తాళం. మీరు క్రాక్ మీద డబుల్ క్లిక్ చేసి, ‘మార్పులు చేయడానికి అనుమతిస్తారా’ అని విండోస్ అడిగితే ‘ఎస్’ అన్నారు. అంతే, పెత్తనం చేతులు మారింది. మీరడిగిన సాఫ్ట్‌వేర్ కూడా నిజంగానే తెరుచుకుంటుంది. అది తెరుచుకోకపోతే మీకు అనుమానం వస్తుందని ఆ రాసినవాడికి తెలుసు.

ఆ తర్వాతి పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. మామూలుగా కంటికి కనపడని యాప్‌డేటా ఫోల్డర్లోనో, ప్రోగ్రామ్‌డేటాలోనో తన కాపీ ఒకటి పెట్టుకుంటుంది. పేరు ఏ అప్‌డేట్ ప్రోగ్రామ్‌దో అన్నట్టు ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తనూ లేచేలా రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా) ‘రన్’ కీలో ఒక లైను రాసుకుంటుంది. మీ ఒక్క యూజర్ వరకే అయితే ఆ లైను రాయడానికి అడ్మిన్ అనుమతి కూడా అక్కర్లేదు. అది చాలదన్నట్టు టాస్క్ షెడ్యూలర్‌లో ఇంకో పని పెడుతుంది. మీరు ఫైలు చెరిపినా, కాసేపటికి ఆ షెడ్యూల్డ్ టాస్క్ లేచి మళ్లీ తెచ్చి పెడుతుంది. ‘డిలీట్ చేశానండీ, మళ్లీ వచ్చింది’ అని రాసే చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. వాళ్లు చెరిపింది ఫైలునే, దాన్ని లేపే ఏర్పాటు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత కాపలావాడి కళ్లకు గంతలు. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఒక జాబితా ఉంటుంది, అందులో ఉన్న ఫోల్డర్లను స్కాన్ చేయరు. బ్యాక్‌డోర్ తన ఫోల్డర్‌ని అక్కడ చేర్చేస్తుంది. ఇంకాస్త ముదిరినదైతే, కంపెనీల్లో ఐటీ విభాగాలు వాడే పాలసీ సెట్టింగులు మార్చి డిఫెండర్‌నే ఆపేస్తుంది. మీరు చూస్తున్న బూడిద రంగు స్విచ్ ఈ బాపతే. సొంత కంప్యూటర్లో ఆ వాక్యం కనపడితే తేలిగ్గా తీసుకోకండి.

సైట్లు ఎందుకు తెరుచుకోవో మీరే చూడొచ్చు. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడి ‘హోస్ట్స్’ ఫైలుని నోట్‌ప్యాడ్‌తో తెరవండి. మామూలుగా అందులో లైన్లన్నీ హ్యాష్ గుర్తుతో మొదలవుతాయి. వాటి కింద 127.0.0.1 అనో 0.0.0.0 అనో ఉండి, పక్కన యాంటీవైరస్ కంపెనీల పేర్లుంటే దొంగ దొరికినట్టే. ఆ పేరు అడిగినప్పుడల్లా బ్రౌజర్ బయటికి వెళ్లకుండా మీ కంప్యూటర్‌కే తిరిగొచ్చి ముఖం వేలాడేస్తుంది.

ఇదంతా దేనికంటే, బయటివాడితో మాట్లాడ్డానికి. మీ షాపులో ఉన్న రౌటర్ బయటి నుంచి పిలవనివాళ్లు వస్తే రానివ్వదు, లోపలి నుంచి వెళ్లేవాటిని మాత్రం అడ్డుకోదు. కాబట్టి ఇప్పటి బ్యాక్‌డోర్లు బయటి నుంచి తట్టవు, లోపలి నుంచే యజమానికి ఫోన్ కొడతాయి. అదీ మీ బ్యాంకు సైటు వాడే 443 పోర్టు (నెట్ రాకపోకలకు నంబరున్న గుమ్మం) మీదుగానే. 1998లో వచ్చిన పాత బ్యాక్‌డోర్లలో బ్యాక్ ఒరిఫిస్ 31337 పోర్టు, నెట్‌బస్ 12345 పోర్టు తెరుచుకుని కూర్చునేవి. వాటిని పట్టుకోవడం తేలిక. నెట్‌బస్‌తో ఆటపట్టించేవాళ్లయితే ఎక్కడో కూర్చుని మన సీడీ డ్రైవు తెరిచి మూసేవాళ్లు. ఇప్పటివాళ్లకు మిమ్మల్ని భయపెట్టి లాభం లేదు. మీరు గమనించకుండా ఉంటేనే వాళ్లకు గిట్టుబాటు. కీబోర్డు మీద కొట్టేవన్నీ, తెర మీద బొమ్మ, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (మీరు ముందే లాగిన్ అయ్యారని సైటుకి చెప్పే చీటీలు) ఒక్కొక్కటే పంపించుకుంటారు. కుకీ పోతే పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే మీ మెయిల్లోకి దిగొచ్చు. పైగా మీది జిరాక్స్ షాపు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఎంతమంది ఆధార్, పాన్ కార్డులున్నాయో ఒకసారి చూసుకోండి. పోయేది మీ సొత్తు ఒక్కటే కాదు.

ఇక అసలు ప్రశ్న, ఫార్మాట్ కొట్టినా ఎలా వచ్చిందని. సర్వీసు కుర్రాళ్లు మామూలుగా సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తారు. మీ సెటప్ ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో భద్రంగా ఉంటాయి, ఆ క్రాక్ కూడా. విండోస్ ఎక్కగానే మొదట వేసేది అదే కదా! రెండోది పెన్‌డ్రైవ్. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చగానే వైరస్ దానంతటదే నడిచేది. మైక్రోసాఫ్ట్ విండోస్ 7తో ఆ సౌకర్యం తీసేసింది, 2011లో పాత విండోస్‌లకు కూడా అప్‌డేట్ ఇచ్చి ఆపింది. అప్పట్నుంచి వైరస్‌కి మీ క్లిక్ కావాలి. అందుకే అసలు ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. నొక్కితే వైరస్ నడుస్తుంది, ఫోల్డరూ తెరుచుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. మీ గిరాకీ వాళ్లకు ధైర్యం చెప్పండి, ఫైళ్లు పోలేదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ‘రక్షిత సిస్టమ్ ఫైళ్లు దాచు’ అన్నదాని టిక్కు తీసేస్తే అన్నీ కనపడతాయి. అయితే ఈ పని శుభ్రమైన కంప్యూటర్లో చేయాలి.

మీరు చేయాల్సింది ఈ వరసలో చేయండి, వరస తప్పితే ఉపయోగం ఉండదు. మొదట నెట్ తీగ పీకేయండి. మీ ఫోన్ నుంచి, ఈ కంప్యూటర్ నుంచి మాత్రం వద్దు, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ కొట్టండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’కి వెళ్లి షాపు కంప్యూటర్‌ని తీసేయండి. తర్వాత మీ పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా ఫైళ్లు, ఫొటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే వేరే డిస్కులోకి తీసుకోండి. ‘ఈఎక్స్‌ఈ’, జిప్, సెటప్ ఒక్కటి కూడా వద్దు, ఎంత ముచ్చటైనదైనా సరే. ఫైళ్ల అసలు తోకలు కనపడేలా ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్కు పెట్టుకుని ఏరండి. పీడీఎఫ్ అని కనిపించేదాని వెనక ఈఎక్స్‌ఈ ఉండొచ్చు. వేరేవాళ్ల మంచి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ వేయించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీ డ్రైవ్‌తో సహా పార్టిషన్లన్నీ చెరిపేయమనండి.

‘ఫార్మాట్ లేకుండా కుదరదా’ అంటారు. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, విండోస్ లేవకముందే వెతుకుతుంది, మంచిదే. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అనే ఉచిత టూల్ కంప్యూటర్‌తోపాటు లేచేవన్నీ ఒకచోట చూపిస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటరైతే అవి ప్రయత్నించమనేవాణ్ని. పదిమంది ఆధార్ కార్డులు తిరిగే కంప్యూటర్లో, అది ఏమేం మార్చిందో పూర్తిగా తెలియనప్పుడు, ‘క్లీన్’ అని వచ్చిన పచ్చ టిక్కుని నేను నమ్మను.

క్రాక్ సంగతి కూడా చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకండి. సంపాదించి పెట్టే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. కొనలేకపోతే యూనికోడ్‌కి, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన పద్ధతికి, మారండి. మండలి, రామరాజ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితం, నోటో ఫాంట్లలో ఒడియా కూడా ఉంది. ఇంక్‌స్కేప్, లిబ్రే ఆఫీస్ ఉచితంగానే దొరుకుతాయి. ఒకే పేజీలో పైన ఒడియా, కింద తెలుగు కొట్టే మీలాంటి వాళ్లకు యూనికోడ్ చేసే మేలు హైదరాబాద్ డీటీపీ వాళ్లకు అర్థం కాదు.

ప్రశ్న: గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను సార్. టాస్క్ మేనేజర్లో ‘ఎస్‌వీసీహోస్ట్’ పేరుతో డెబ్బై ఎనభై దాకా కనిపిస్తున్నాయి. వైరస్ అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.

జవాబు: భయపడకు బాబూ. అది విండోస్ సర్వీసులను మోసే సొంత ప్రోగ్రామే. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలావరకు సర్వీసులకు విడివిడిగా ఒక్కోటి నడుస్తోంది. అందుకే అన్ని కనపడుతున్నాయి. చూడాల్సింది ఎన్నున్నాయని కాదు, ఎక్కడున్నాయని. అనుమానం ఉన్నదాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కు. సిస్టమ్32 తెరుచుకుంటే మంచిది. యాప్‌డేటానో, టెంప్ ఫోల్డరో తెరుచుకుంటే, స్పెల్లింగులో వీ, సీ తారుమారైతే అప్పుడు కంగారు పడు. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా విండోస్‌ని దొంగ యాక్టివేటర్‌తో నడుపుతుంటే, పై జవాబు వాళ్లకూ చదివి వినిపించు.

ప్రశ్న: నేను రాయగడలో రిటైరైన టీచర్ని. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం అని ఫోన్ వస్తే కంగారులో వాళ్లు చెప్పిన యాప్ లాప్‌టాప్‌లో వేశాను. తెర మీద వచ్చిన నంబరు చెప్పాను. బాణం గుర్తు దానంతటదే కదిలేసరికి మూత మూసేశాను. డబ్బు పోలేదు. యాప్ తీసేశాను, సరిపోతుందా?

జవాబు: మూత మూశారు చూడండి మాస్టారూ, అదే మిమ్మల్ని కాపాడింది. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఆ యాప్ వైరస్ కాదు, కంపెనీలు రోజూ వాడేదే. కానీ అవతలివాడి చేతికి బ్యాక్‌డోర్ ఇచ్చేటన్ని హక్కులూ ఇస్తుంది. అందుకే యాంటీవైరస్ కిక్కురుమనదు. ఆ కాసేపట్లో వాడు ఇంకోటి ఎక్కించి ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రాముల జాబితాని ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం పేర్చి, ఆ రోజు దిగినవి చూడండి. యూజర్ అకౌంట్లలో మీరు పెట్టని పేరేమైనా ఉందేమో చూడండి. జీమెయిల్ సెట్టింగుల్లో మీ ఉత్తరాలు వేరే అడ్రసుకు ఫార్వార్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు. బ్యాంకుకి ఒకమాట చెప్పి, పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చండి. ఎప్పుడైనా డబ్బు పోయినట్టు కనపడితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ నంబరు, ఒడిశాలో ఉన్నా పనిచేస్తుంది.

ప్రశ్న: సిరోంచలో కంప్యూటర్ క్లాసులు చెబుతాను. క్రాకుల జోలికి పోను, అన్నీ అసలు సైట్ల నుంచే దించుతాను. ల్యాబ్‌లో ఉబుంటు 22.04 కూడా ఉంది. మాకు ఈ బెడద లేనట్టేనా?

జవాబు: చాలావరకు లేనట్టే, పూర్తిగా అనలేను. 2017లో, కంప్యూటర్లో చెత్త ఫైళ్లు ఊడ్చే సీక్లీనర్ అనే ప్రోగ్రామ్ 5.33 వెర్షన్ అసలు సైటు నుంచే, కంపెనీ డిజిటల్ సంతకంతోనే బ్యాక్‌డోర్‌ని మోసుకొచ్చింది. హ్యాకర్లు ఆ ప్రోగ్రామ్ తయారయ్యే చోటే చొరబడ్డారు. దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లాక గాని బయటపడలేదు.

లినక్స్‌లో జరిగింది ఇంకా విడ్డూరం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌కి సాయం చేస్తానంటూ ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. అర సెకను ఆలస్యానికి మనమైతే నెట్‌వర్క్‌ని తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

మీ ఉబుంటు 22.04లోకి ఆ వెర్షన్లు రాలేదు. అప్‌డేట్లు మాత్రం ఆపకండి. ల్యాబ్‌లో పిల్లలకు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా, విడిగా మామూలు యూజర్ అకౌంట్ పెట్టండి. వాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను ముందు ఉబుంటులో తెరిచి చూడండి. విండోస్ షార్ట్‌కట్ వైరస్ అక్కడ నడవదు, దాచిన ఫోల్డర్లు కూడా కనపడతాయి.