బంగారు ముద్ర ఉన్న ప్రోమో ఎల్పీ అరుదైనదేనా?

మీ దగ్గరున్న అమెరికన్ ఎల్పీ (వినైల్ రికార్డు) కవర్ మీద "ప్రమోషన్ కోసమే, అమ్మకానికి కాదు" అన్న బంగారు ముద్ర ఉన్నా ఎవరూ ఎక్కువ ధర ఇవ్వడం లేదా? ఆ ముద్ర ఒక్కటే ఉంటే రికార్డు అరుదైనదని కాదు. షాపులకు వెళ్లే మామూలు కాపీల మీదే కంపెనీలు ఆ బంగారు ముద్ర కొట్టి రేడియో స్టేషన్లకు, పత్రికలకు పంపేవి. లోపలి డిస్క్ షాపులో దొరికేదే.

1. డిస్క్ మధ్యలోని లేబుల్ చూడండి. ప్రోమో (ప్రచారం) కోసం విడిగా ప్రెస్ చేసినదైతే, అంటే అచ్చు వేసినదైతే, ఆ మాట సాధారణంగా లేబుల్ మీదే అచ్చయి ఉంటుంది. చాలాసార్లు లేబుల్ తెల్లగా ఉంటుంది.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య నున్నటి భాగంలో ఉండే మ్యాట్రిక్స్ నంబర్, అంటే డిస్క్ ఏ అచ్చుదో చెప్పే గుర్తు. లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుని రెండు వైపులా చదవండి. చేత్తో గీసిన చిన్న గుర్తులు కూడా వదలకుండా రాసుకోండి. కేటలాగ్ నంబర్ (ఆల్బమ్‌కు కంపెనీ ఇచ్చే నంబర్) ఒకటే అయినా ప్రెసింగ్‌లు (అచ్చులు) వేరు కావచ్చు. రికార్డుల వివరాలు, ధరలు ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో లేబులూ ఈ నంబరూ రెండూ కలిసిన పేజీయే మీది.

3. అక్కడ అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధరలు చూడండి. ఉన్నవాళ్లు తక్కువే అయినా కావాలనుకునేవాళ్లు కూడా తక్కువైతే ధర పలకదు.

"అమ్మకానికి కాదు" అని ఉన్నా అమ్మడానికి టెన్షన్ వద్దు. ప్రోమో సీడీల కేసులో 2011లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు అమ్మినవాడి పక్షానే తీర్పిచ్చింది.